రాజుగారి గుట్టల మునసబు

లోకంలో ఉద్యోగం దొరకడం కష్టం, మానెయ్యడం సులువు అంటారు. ఆ మాట పుట్టించినవాడెవడో గాని బ్రిటిషు పార్లమెంటులో సభ్యుడిగా చేసినవాడు మాత్రం కాడు. అక్కడ చేరడానికి ఓట్లు పడితే చాలు. మానడానికి దారి లేదు. నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో పెద్దమనుషులు కూర్చుని, సభ్యుడైనవాడు రాజీనామా చెయ్యరాదని తీర్మానించారు. ఎందుకు తీర్మానించారో వాళ్లకే తెలియాలి. వాళ్లు పోయారు, తీర్మానం ఉండిపోయింది. ఆ సభలో ముప్పై ఏళ్లుగా కూర్చున్న దేవభక్తుని విప్లవకుమార్‌కి ఈ సంగతి తెలియదు. మానాలని ఎప్పుడూ అనుకోలేదు గనక తెలుసుకోవలసిన అవసరం పడలేదు.

విప్లవకుమార్‌ది కృష్ణా జిల్లా, ఉయ్యూరు పక్క పల్లె. తండ్రి పాత కమ్యూనిస్టు. ఇంటిపేరు మార్చడం ఆయన చేతుల్లో లేదు గనక, కొడుకు పేరులో కసి తీర్చుకున్నాడు. ఆ కొడుకు ఇరవై రెండో ఏట ఇంగ్లండు ఉత్తరాన బ్రాక్స్‌బీ అనే ఊళ్లో ఉన్ని మిల్లులో చేరాడు. యూనియన్లో చేరాడు. సమ్మె చేయించాడు. చివరికి ఆ ఊరి ఎంపీ అయి కూర్చున్నాడు. ఒకసారి కాదు, వరసగా ఏడుసార్లు. పార్టీలో ఎడమ చివర ఎవరున్నారని చూస్తే విప్లవకుమార్ కనపడేవాడు. ఆయనకి ఎడమపక్కన ఇక గోడే.

సొంత పార్టీకి వ్యతిరేకంగా నాలుగు వందల పదిహేడుసార్లు ఓటేశాడు. అక్కడ ఓటంటే గంట మోగగానే లేచి, ఔననేవాళ్లు ఒక వసారాలోంచి, కాదనేవాళ్లు ఇంకో వసారాలోంచి నడవాలి. కాదనే వసారాలో నడిచి నడిచే ఆయన మోకాళ్లు అరిగిపోయాయని ఇంటావిడ వాదన. ఆవిడ పేరు సామ్రాజ్యం. బయట సామ్రాజ్యవాదాన్ని చీల్చి చెండాడి వచ్చి, ఇంట్లో సామ్రాజ్యం ముందు నోరెత్తడని బ్రాక్స్‌బీలో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలవాళ్లూ నవ్వుకునేవారు. అబద్ధం ఎందుకు, ఎత్తేవాడు కాదు.

ఆ సభలో బెంచీలు తక్కువ, సభ్యులు ఎక్కువ. పొద్దున ప్రార్థనకి హాజరైనవాళ్లకే బెంచీ మీద పేరు చీటీ పెట్టుకునే హక్కు. దేవుడు లేడని ఘంటాపథంగా చెప్పే విప్లవకుమార్, సీటు కోసం ముప్పై ఏళ్లు ఒక్క ప్రార్థనా తప్పలేదు. “ఇంటిపేరు ఊరికే పోతుందా!” అనేది సామ్రాజ్యం. ఇక రాజభక్తి ప్రమాణం చేసేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టి వేళ్లు మెలేసేవాడు. అలా మెలేస్తే చేసిన ప్రమాణం అంటదని అక్కడివాళ్ల నమ్మకం. ఉత్తరాల మీద రాజుగారి తల ఉన్న స్టాంపుని తలకిందులుగా అంటించేవాడు. ముప్పై ఏళ్లలో రాజరికం మీద ఆయన సాధించిన విజయం అదొక్కటేనని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టినవాళ్లు కూడా అనేవారు.

ఇలా సుఖంగా వ్యతిరేకించుకుంటూ బతుకుతున్న మనిషికి స్నానశాల వచ్చి పడింది.

బ్రాక్స్‌బీలో వీవర్స్ వీధి చివర ఎర్ర ఇటుకల మునిసిపల్ స్నానశాల ఒకటుంది. ఒకప్పుడు మిల్లు కూలీల ఇళ్లలో స్నానాల గదులు ఉండేవి కావు. శనివారం శనివారం తువ్వాలు భుజాన వేసుకుని ఊరంతా అక్కడికే పోయేది. విప్లవకుమార్ సమ్మె గురించి మొదటి ఉపన్యాసం ఇచ్చింది కూడా అక్కడే, నడుముకి తువ్వాలు కట్టుకుని, వేడినీళ్ల ఆవిర్లో. ఇప్పుడు అందరిళ్లలోనూ గదులున్నాయి. అయినా పిల్లలు ఈత నేర్చుకునేది అందులోనే, కీళ్లనొప్పుల ముసలివాళ్లు కాళ్లు కదిలించుకునేది అందులోనే. అలాంటిదాన్ని నీటి వసతుల మంత్రి డెస్మండ్ ప్రాట్ మూసేస్తానన్నాడు. ప్రాట్‌ది విప్లవకుమార్ పార్టీయే. మూసెయ్యడం అనే మాట ఆయన వాడలేదు. “జల వసతుల హేతుబద్ధీకరణ” అన్నాడు.

విప్లవకుమార్ స్నానశాల మెట్ల మీద నిలబడి, ఊరందరి ముందూ మాటిచ్చాడు. “దీనికి తాళం పడిన రోజున నా పదవికి రాజీనామా చేస్తాను!” జనం చప్పట్లు కొట్టారు. సొంత పార్టీ ప్రభుత్వం, అంత తెగిస్తుందా అని ఆయన ధీమా. ఇరవయ్యో రోజున తాళం పడింది. దాని పక్కనే ఒక నీలం బోర్డు కూడా వెలిసింది.

ఆ పొద్దున మిసెస్ ఓల్‌రాయిడ్, ఎనభై ఏళ్ల మనిషి, మిల్లులో విప్లవకుమార్‌కి మగ్గం నడపడం నేర్పిన ఆవిడ, తువ్వాలు భుజాన వేసుకుని మెట్ల మీద కూర్చుని కనపడింది.

“తాళం పడింది, నాయనా” అంది.

“చూశానమ్మా.”

“మరి నువ్వన్న మాట?”

“చేస్తానమ్మా. రేపే చేస్తాను.”

“నువ్వు చేసిందాకా నేనిక్కడే కూర్చుంటా. ఎటూ మోకాళ్లు వంగడం లేదు, లేవడం కంటే కూర్చోడమే నాకు సుఖం” అంది ఆవిడ.

మర్నాడు విప్లవకుమార్ రాజీనామా ఉత్తరం పట్టుకుని సభా కార్యదర్శి సర్ పెరెగ్రిన్ గదికి వెళ్లాడు. కార్యదర్శి ఒంటిమీద నల్ల గౌను, మెడలో తెల్ల పట్టీ, ముఖాన తరతరాల మర్యాద. ఆయన ఆ ఉత్తరాన్ని వేలితో కూడా తాకలేదు.

“గౌరవ సభ్యులు మన్నించాలి. ఇట్టి పత్రమును స్వీకరించుటకు ఈ కార్యాలయమునకు అధికారము లేదు. రాజీనామా అనునది ఈ సభలో లేని వస్తువు.”

“లేకపోవడమేంటండీ, నా చేతిలో ఉంది గదా!”

“అది కాగితము.”

“ఇన్నేళ్లలో మానినవాళ్లే లేరా?”

“మానుట వేరు, రాలుట వేరు. రాజుగారి కొలువులో ఉన్న ఉద్యోగి సభలో కూర్చుండరాదని మరియొక శాసనము గలదు. కావున వైదొలగగోరు సభ్యులు రాజుగారి వద్ద ఒక ఉద్యోగమునకు దరఖాస్తు చేసుకొందురు. ఉద్యోగము లభించిన మరుక్షణము సభ్యత్వము దానంతట అదే రాలిపోవును. ఈ శుభకార్యము నిమిత్తమై ఒక ఉద్యోగమును శతాబ్దములుగా పదిలపరచితిమి. కోల్డ్‌బెరీ గుట్టల సంరక్షణాధికారి.”

“పనేంటండీ అందులో?”

“పనియా?” సర్ పెరెగ్రిన్ కనుబొమలు పైకి లేచాయి. ఆ మాట ఆ గదిలో వినపడి చాలా కాలమైనట్టుంది.

రైల్లో ఇంటికొస్తూంటే ఆ ఉద్యోగాన్ని తెలుగులో ఏమనాలో విప్లవకుమార్‌కి తట్టింది. మునసబు! తండ్రి తమ ఊరి మునసబు అరుగు ముందు చెప్పులు విడవనన్నందుకు మూణ్ణెల్లు జైల్లో ఉండి వచ్చిన మనిషి. ఆయన కొడుకు ఇప్పుడు ఏకంగా రాజుగారి మునసబు కావాలి. కాకపోతే ఊరికిచ్చిన మాట గాలికి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అనలేదు.

సామ్రాజ్యం పెరటి అద్దాల గదిలో పెంచుకున్న గోంగూర ఆకు దూస్తూ అంతా వింది.

“చేరండి” అంది.

“నేనా! రాజరికం వద్దని ముప్పై ఏళ్లు గొంతు చించుకున్నవాణ్ణి! మా నాన్న బతికుంటే నా మొహం చూసేవాడా?”

“చేరకపోతే ఆ ముసలమ్మ చూస్తుందా? నిన్నట్నించీ మెట్ల మీదే ఉందట. మీ నాన్నకి నేను సమాధానం చెప్పుకుంటాలెండి. ఆవిడకి మీరు చెప్పుకోవాలి.”

విప్లవకుమార్ కాసేపు గోంగూర కాడలు లెక్కపెట్టాడు. “సరే. ఎలాగూ పేరుకే ఉద్యోగమట. సంతకం పెట్టేసి ఊరుకుంటా. పనేమీ ఉండదు.”

సామ్రాజ్యం చేతిలో కాడ పక్కన పెట్టింది. “ఏవండీ, పని చెయ్యకుండా ఉద్యోగాలు అంటిపెట్టుకుని కూర్చునేవాళ్లనేగా మీరు ఇన్నేళ్లూ దుమ్మెత్తిపోసింది? ఇప్పుడు మీరూ ఆ బాపతేనా? చేరితే పని చెయ్యండి. చెయ్యనంటే చేరకండి. రెండూ కుదరవు.”

చెప్పానుగా, ఆవిడ ముందు ఆయన నోరెత్తడని. మర్నాడే దరఖాస్తు పంపాడు. స్టాంపు మాత్రం తలకిందులుగానే అంటించాడు.

వారానికి నియామక పత్రం వచ్చింది. దళసరి కాగితం, ఎర్ర లక్క ముద్ర. వేళ్లు మెలేసుకుని చదివాడు. “కోల్డ్‌బెరీ గుట్టలయందు సంచరించు దొంగలను సంరక్షణాధికారి అణచివేయవలెను. వారు ఎచ్చటికి పారిపోయిన అచ్చటికి తరుముకొని పోవలెను. వారు అపహరించిన సొత్తు ఎచ్చట నున్నను స్వాధీనపరచుకొని ప్రజలకు మరల అప్పగింపవలెను.” ఆ క్షణాన ఆయన ఎంపీగిరీ రాలిపోయింది. చప్పుడు కూడా కాలేదు. మిసెస్ ఓల్‌రాయిడ్ మెట్ల మీంచి లేచి ఇంటికెళ్లి టీ పెట్టుకుంది.

నాలుగు రోజుల తరవాత, ఖజానా శాఖలో ఈ పదవి దస్త్రం చూసే ఫాంషా అనే అధికారి ఎదుట మునసబు గారు హాజరయ్యారు. చేతిలో జాబితా ఉంది. పని వేళలు ఏమిటి? వారపు సెలవు ఏ రోజు? ఆ రోజున దొంగలొస్తే బదులు సెలవిస్తారా? వానకోటూ గుట్టలెక్కే జోళ్లూ ఎవరివ్వాలి?

ఫాంషా తన జన్మలో అంత కంగారు పడలేదు. “అయ్యా, ఇంతవరకు ఈ పదవి నలంకరించినవారెవ్వరును గుట్టలెక్కియుండలేదు.”

“అంటే ఇన్ని వందల ఏళ్లుగా దొంగల్ని వదిలేశారన్నమాట.”

“దొంగలున్నట్లు నివేదికలు అందలేదు.”

“నివేదిక పంపాల్సింది ఎవరు?”

“సంరక్షణాధికారి.”

“ఆయన గుట్టలెక్కలేదన్నారు గదా.”

ఫాంషా కిటికీ వైపు చూశాడు. కిటికీ ఏమీ సాయం చెయ్యలేదు. చివరికి ఒక వానకోటు మంజూరైంది.

సోమవారం పొద్దున్నే మునసబు గారూ మునసబు భార్యా బస్సెక్కి కోల్డ్‌బెరీ గుట్టలకి చేరారు. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. వాన పడుతూనే ఉంది. గుట్ట మీద గొర్రెలు మేపుకుంటున్న టగ్‌వెల్ అనే ముసలి రైతు ఎదురయ్యాడు. విప్లవకుమార్ నియామక పత్రం చూపించి, ఇక్కడ దొంగలున్నారా అని అడిగాడు.

టగ్‌వెల్ గడ్డం గోక్కున్నాడు. “దొంగలా? నా గొర్రె పోయి ఇరవై ఏళ్లయిందయ్యా. అదీ మా బావమరిది పనే. ఇప్పుడు వాడూ లేడు.”

విప్లవకుమార్‌కి నీరసం వచ్చింది. చెయ్యడానికి పని లేని ఉద్యోగంలోనే చేరానా అని కుంగిపోయాడు. సామ్రాజ్యం ముసలాయన చేతిలో కాస్త పులిహోర పెట్టి, “దొంగల సంగతి వదిలెయ్యండి. ఇక్కడ ఉండేది ఇప్పుడు లేకుండా పోయింది ఏవన్నా ఉందా?” అని అడిగింది.

“అలా అడిగితే ఉందమ్మా. మడుగు పోయింది.”

“మడుగు పోవడమేంటి?”

“మీరే చూద్దురుగాని, రండి.”

గుట్ట వెనక ఊట మడుగు ఒకటుంది. టగ్‌వెల్ తాతలు ఈతలు కొట్టిన నీళ్లు. దాని చుట్టూ ఇప్పుడు ఇనప కంచె. కంచెకి తాళం. తాళం పక్కన నీలం బోర్డు: “ఈ జల వసతి హేతుబద్ధీకరింపబడినది. ప్రవేశము నిషిద్ధము.” కింద డెస్మండ్ ప్రాట్ గారి శాఖ ముద్ర.

విప్లవకుమార్ బోర్డు మీది వాననీళ్లు చేత్తో తుడిచి చూశాడు. బ్రాక్స్‌బీ స్నానశాలకి ఉన్న బోర్డూ ఇదే, అదే రంగు, అవే అక్షరాలు. జేబులోంచి నియామక పత్రం తీసి మళ్లీ చదివాడు. వారు ఎచ్చటికి పారిపోయిన అచ్చటికి. సొత్తు ఎచ్చట నున్నను.

“సామ్రాజ్యం, దొంగ దొరికాడే!” అని కేకేశాడు. ఆ కేకకి గొర్రెలు బెదిరాయి.

ఆ సాయంత్రమే నోటీసు తయారైంది. “కోల్డ్‌బెరీ దొంగగారగు డెస్మండ్ ప్రాట్‌గారికి రాజుగారి గుట్టల సంరక్షణాధికారి తెలియజేయునది ఏమనగా. తాము కోల్డ్‌బెరీ గుట్టలలో ఒక మడుగును అపహరించి, బ్రాక్స్‌బీ పట్టణము దిశగా పారిపోయి, అచ్చట ఒక స్నానశాలను అపహరించినట్లు రుజువైనది. సొత్తును పది దినములలో ప్రజలకు అప్పగింపవలెను. లేనిచో తాము రాజుగారి పేరిట అణచివేయబడుదురు.” రాజుగారి పేరిట అని రాసేటప్పుడు విప్లవకుమార్ రెండుసార్లు కలం కింద పెట్టేశాడు. రెండుసార్లూ సామ్రాజ్యం దాన్ని తీసి చేతికిచ్చింది.

సొత్తు పట్టికలో మడుగు ఒకటి, స్నానశాల ఒకటి, స్నానశాల లోపల చిక్కుకుపోయిన మిసెస్ ఓల్‌రాయిడ్ ఈత టోపీ ఒకటి చేర్చారు.

నోటీసు అందిన రోజున ఫాంషా బ్రాక్స్‌బీకి పరుగెత్తుకొచ్చాడు. సామ్రాజ్యం కాఫీ ఇచ్చింది.

“మహాశయా, తమ చర్య ప్రభుత్వమును విషమస్థితికి గురిచేసినది. తమరు దయయుంచి ఈ పదవికి రాజీనామా చేయవలెను.”

“చేస్తానండీ, దానికేం భాగ్యం” అన్నాడు విప్లవకుమార్. “ఇందులోంచి రాజీనామా చెయ్యాలంటే నేను ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలో సెలవియ్యండి.”

ఫాంషా కాఫీ కప్పు కింద పెట్టాడు. అలాంటి ఉద్యోగం లేదు. ఈ పదవిలో ఉన్నవాడు ఇంకో సభ్యుడు సభనించి వైదొలగి ఇందులోకి వచ్చేదాకా ఉంటాడు. వందల ఏళ్లుగా వస్తున్న పద్ధతి అది.

“అలాగైతే ఇంకో సభ్యుణ్ణి పంపండి. చేతిలో వానకోటు పెట్టి బస్సెక్కిస్తాను” అన్నాడు విప్లవకుమార్.

ఆ తరవాత లండన్‌లో జరిగిందంతా ఫాంషాయే ఇంకోరోజు, రెండో కప్పు కాఫీ మీద, నోరు జారి చెప్పాడు. ఈ మునసబుని దింపడానికి ఒక్కడు ఎంపీగిరీ వదులుకుంటే చాలు. పార్టీ విప్ ఇంటింటికీ తిరిగాడు. దేశం కోసం ప్రాణమిస్తామన్నవాళ్లు ముప్పై ఎనిమిదిమంది తేలారు. సీటు ఇస్తామన్నవాడు ఒక్కడూ తేలలేదు. ఆఖరికి ప్రధాని, గొడవ తెచ్చినవాడే తీర్చాలి గదా అని ప్రాట్‌నే పిలిపించాడు. “మీరు సభనించి తప్పుకుని ఆ గుట్టల పదవిలో చేరిపొండి. ఆ పెద్దమనిషి పదవి దానంతట అదే పోతుంది.” ప్రాట్ ఏడుపు మొహం పెట్టి ఒప్పుకుని, దరఖాస్తు మీద సంతకం పెట్టబోతూ ఫాంషాని ఒక్క మాట అడిగాడు.

“నా మీదనున్న నోటీసు సంగతి?”

“పదవితోపాటు దస్త్రము కూడ తమకు సంక్రమించును” అన్నాడు ఫాంషా. “అణచవలసిన బాధ్యతయు తమదే, అణగవలసిన బాధ్యతయు తమదే. తమ్ము తాము ఎచ్చటికి పారిపోయిన అచ్చటికి తరుముకొని పోవలసియుండును.”

ప్రాట్ చేతిలో కలం అలాగే ఉండిపోయింది. తనని తాను తరమడం ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకి తోచలేదు. సంతకం పెట్టకుండానే లేచి, కారెక్కి, తిన్నగా కోల్డ్‌బెరీ పోయాడు. మర్నాటికి కంచె లేదు. ఆ మర్నాటికి బ్రాక్స్‌బీ స్నానశాల తాళం లేదు. పత్రికలవాళ్లు అడిగితే, “హేతుబద్ధీకరణను మరింత హేతుబద్ధీకరించితిమి” అన్నాడట.

శనివారం ఊరంతా తువ్వాళ్లు వేసుకుని వీవర్స్ వీధికి వచ్చింది. విప్లవకుమార్ కూడా వరసలో నించున్నాడు. లోపలికి వెళ్లేసరికి పిల్లలు నీళ్లలో దబదబా దూకుతున్నారు. మిసెస్ ఓల్‌రాయిడ్ తన ఈత టోపీ పెట్టుకుని, నీళ్లలో వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని తేలుతోంది. అది చూసి ఆయనకి సంతోషం వేసింది గాని, ఆ వెంటే మొహం ముడుచుకుపోయింది.

“ఏంటి నాయనా, మొహం అలా పెట్టావు?” అంది ముసలమ్మ కళ్లు తెరిచి.

“ఏం లేదమ్మా. ముప్పై ఏళ్లు మీ ఎంపీగా ఉన్నాను. నాలుగు వందల పదిహేడుసార్లు కాదన్నాను. ఒక్క తలుపు తెరిపించలేకపోయాను. రాజుగారి మునసబునై మూడు వారాలు తిరగలేదు, రెండు తెరుచుకున్నాయి.”

“తెరుచుకున్నాయి గదా. మరింక ఏడుపెందుకు?”

“ఎవరి పేరు చెప్పి తెరిపించానో తలుచుకుంటే సిగ్గేస్తోందమ్మా.”

“నీళ్లకి సిగ్గు లేదు, నాకూ లేదు. నీకెందుకు?” అంది ఆవిడ. “సరే గాని, ఉప ఎన్నిక వచ్చిందిగా. మళ్లీ నిలబడతావా? ఈసారీ నా ఓటు నీకే.”

విప్లవకుమార్‌కి ఆ సభా, ఆ బెంచీ, ఆ వసారా, గంట మోగగానే ముందుకి పడే తన కాళ్లూ గుర్తుకొచ్చాయి. “చూద్దామమ్మా” అని నీళ్లలోకి దిగాడు.

ఇంటికొచ్చేసరికి ఖజానా శాఖ ఉత్తరం బల్ల మీద ఉంది. సంరక్షణాధికారి కోరినచో ప్రత్యేక కారుణ్యముతో, మరియొక సభ్యుని కొరకు వేచియుండక, వెంటనే విముక్తి ప్రసాదింపబడును. ఎన్నికలలో పోటీ చేయుటకు అభ్యంతరము లేదు. జవాబు తిరుగు టపాలో పంపవలెను. ఆ ఉత్తరం పక్కన ఒక కాగితాల కట్ట ఉంది. కోల్డ్‌బెరీ గుట్టల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పంపిన అర్జీలు. ఒక ఊళ్లో కాలిబాట పోయింది. ఒక ఊళ్లో గ్రంథాలయం పోయింది. ఇంకో ఊళ్లో ఏకంగా బస్సే పోయింది. అన్నిటికీ నీలం బోర్డులున్నాయట.

సామ్రాజ్యం వానకోటు చిలక్కొయ్యకి తగిలించి, జోళ్లకంటిన మట్టి దులుపుతోంది.

విప్లవకుమార్ ఉత్తరాన్ని పక్కకి నెట్టి, అర్జీల కట్ట దగ్గరికి లాక్కున్నాడు. తరవాత కాగితం తీసి, ఉద్యోగంలో కొనసాగదలుచుకున్నానని, ఇంకో జత జోళ్లు మంజూరు చెయ్యవలసిందని రాసి, కవరులో పెట్టాడు. స్టాంపు నాలిక మీద తడిపి, అలవాటుగా రాజుగారి తల కిందికి తిప్పాడు. తిప్పి ఆగాడు. మళ్లీ పైకి తిప్పాడు. తండ్రి గుర్తొచ్చి మళ్లీ ఆగాడు.

“అంటించండి, ఆరిపోతోంది” అంది సామ్రాజ్యం.

ఆయన రాజుగారిని మెల్లిగా పక్కకి తిప్పి, పడుకోబెట్టి అంటించాడు.